తోక నుంచి చదివే మాట

"సూది ఎన్ని గంటలకు వేసినావు?"

"తొమ్మిదీ నలభైకి అన్నా."

"గడియారం చూసినావా, అంచనాగా చెప్తాండావా?"

"రిజిస్టర్లో రాసినా. అది సీఐ సారు బల్ల మీదుంది, చూడు పో."

శాంసన్ గొంతులో భయం కంటే విసుగే ఎక్కువుంది. రెండు రోజులుగా ఇవే ప్రశ్నలు అడుగుతుంటే ఎవరికైనా అంతే. నలభై రెండేళ్ల మనిషి, ఆళ్లగడ్డలో పదిహేనేళ్లుగా ఆర్ఎంపీ డాక్టరు. బుధవారం పొద్దున ఇతను జ్వరానికి సూది వేసిన హరీష్ అనే శిల్పి ఆ సాయంత్రమే చచ్చిపోయాడు. ముప్పై ఒక్కేళ్లవాడు, పెళ్లయి మూడేళ్లు. సూది వికటించి చచ్చాడని ఊరంతా తీర్మానించేసింది.

నా పేరు దాదాపీర్. ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున క్లెయిములు విచారించడం నా వృత్తి. పదకొండేళ్లయింది. నంద్యాల్లో మొహం మీద డిటెక్టివ్ అంటారు, వెనకాల ఇంకేమంటారో నాకూ తెలుసు. నిన్న శాంసన్ భార్య మా ఇంటికొచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, "మా ఆయన ఎవుర్నీ సంపలేదు భాయ్. నువ్వు చూసి చెప్పు. నువ్వు కూడా సంపినాడంటే ఇంక నేను నోరెత్తను" అంది. ఈ రోజు నాలుగింటికి అతన్ని మేజిస్ట్రేటు ముందు పెడతారు. స్టేషన్ గోడ మీద గడియారం పదకొండు చూపిస్తోంది.

"వచ్చినప్పుడు జ్వరమెంత?"

"నూటమూడు. చలి, వణుకు. ఆరుగంటల కాణ్ణుంచి అని చెప్పినాడు. బండి మీద వాడే వచ్చినాడు, ఒక్కడే."

"ఏం సూది?"

"జ్వరం తగ్గేది. అదే బుడ్డిలోంచి ఆ పొద్దు ఇంకా నలుగురికి ఏసినా. వాళ్లంతా బాగుండారు. పోయి చూసుకో."

చూశాను. శాంసన్ భార్య పేర్లు చెప్తే, దారిలో ఆ నలుగురి ఇళ్లకూ వెళ్లే వచ్చాను. ఒకాయన కంది చేలో ఉన్నాడు, ఇంకొకామె నా మీదే కేకలేసింది. నలుగురూ నిక్షేపంగా ఉన్నారు.

"ఎప్పుడు పంపించేసినావు?"

"పదింటికి. పన్నెండున్నరకు వాడు పెరుగన్నం తిన్నాడంట. సూది వికటిస్తే అన్నం దాకా ఆగుతాదా అన్నా? నిమిషాల్లో తెలిసిపోతాది. రెండింటికి మళ్లీ వణుకు. నాలుగూ యాభైకి ఒంటి మీద మచ్చలు. నాకు ఫోన్ చేసింది అయిదుకు. నేను పొయ్యేలోపే కారెక్కించినారు. దార్లోనే పాయె."

చెప్పేటప్పుడు తల దించుకున్నాడు. నాకెందుకో ఈ మనిషి మీద నమ్మకం కుదిరింది. హరీష్ కడుపు మీద పాత ఆపరేషన్ మచ్చ ఉందని ఊళ్లో విన్నాను. నమ్మకంతో కేసులు తేలవు కాబట్టి అసలు ప్రశ్న అడిగాను.

"కడుపు మీద కోత మచ్చ చూసినావా?"

"చూసినా. రొమ్ము కింద నుంచి బొడ్డు దాకా. ఏం ఆపరేషన్ రా అని అడిగినా. రెండేళ్ల కిందట పనికాడ రాయి మీద పడిందంట. పేగు సర్ది కుట్టినారు అని చెప్పినాడు."

"పేగు సర్ది కుట్టినారు. అట్లనే అన్నాడా?"

"అట్లనే. రిజిస్టర్లో కూడా అదే రాసుకున్నా. కాయితం చూపీమంటే ఇంట్లో ఉందన్నాడు. ఇన్సూరెన్స్ అన్న చదివి చెప్పినాడు డాక్టరూ, ఏం భయం లేదు అన్నాడు."

నా చేతిలో పెన్ను ఆగింది. ఈ జిల్లాలో క్లెయిములు చూసేవాళ్లం ఏడెనిమిది మందిమి ఉన్నాం. ఆ ఏడెనిమిది మందిలో ఎవడైనా కావచ్చు అనుకున్నాను. కడుపుకు దెబ్బ, పెద్ద కోత, ఒక్క పూటలో చావు అనేసరికి ఈ మధ్యే నేర్చుకున్న ఒక మాట గుర్తొచ్చి, ఇంకో ప్రశ్న వేశాను.

"నువ్వు కర్నూల్లో ఆపరేషన్ వార్డులో కాంపౌండరుగా చేసినావంట గదా. ఊరికే అడుగుతాండా. ప్లీహం తీసేసినోడు జ్వరమని నీ కాడికొస్తే ఏం చేస్తావు?"

"స్ప్లీనా?" శాంసన్ తలెత్తాడు. "సూది ముట్టుకోను. తక్షణం నంద్యాలకు తోలేస్తా. ఆరేండ్లు ఆ వార్డులో పంజేసినా గదా, పెద్ద డాక్టరు రోజూ అదే మొత్తుకునేటోడు. స్ప్లీన్ లేనోనికి జ్వరమొస్తే గంటల మీద పని. పొద్దున జ్వరం, సందేళకు శవం." ఆ మాట నోట్లోంచి వచ్చాక అతనే బిగుసుకుపోయాడు. "ఎందుకడుగుతాండావన్నా?"

పెన్ను జేబులో పెట్టుకుని లేచాను.

*

హరీష్ ఇల్లు శిల్పుల వీధి చివర ఉంది. అతని భార్య సంధ్య తలుపు తీసింది, నా మొహం చూసి ఒక్క అడుగు వెనక్కి వేసింది.

"నువ్వా అన్నా?" అంది. "అప్పుడు వచ్చింది నువ్వే గదా. క్లెయిము కోసమని."

ఆ వసారా, ఆ గోడకు చేరేసిన ఉలులు, రాతి పొడి పట్టిన ఆ చెక్కపెట్టె. అప్పుడు గుర్తొచ్చింది నాకు. రెండేళ్ల కిందట ఈ పెట్టె మీదే కూర్చుని ఈమె ఇచ్చిన టీ తాగాను. ఏడెనిమిది మందిలో ఎవడో కాదు, నేనే. నిలబడే ఉన్నాను. ఆ పెట్టె మీద మళ్లీ కూర్చునే మొహం నాకు లేదు.

చెయ్యాల్సిన పని చెయ్యడం మొదలుపెట్టాను, అదొక్కటే నాకు చేతనైంది. మంచం చూశాను. దిండు కింద జ్వరం మాత్రల అట్ట, రెండు తీసి ఉన్నాయి. పెరుగన్నం తిన్న కంచం ఇంకా కడగలేదు. సూది వేసింది కుడి పిర్రకు. ఒంటి మీద మచ్చలకు సంధ్య ఫోన్లో ఫొటో తీసింది. ఫొటో మీద టైము నాలుగూ యాభై ఒకటి. నేరేడు పండు రంగు మచ్చలు కాళ్ల మీదా, చెంపల మీదా. సూది పడ్డ చోట ఒక్క మచ్చా లేదు.

"ఆపరేషన్ కాయితాలు ఉండాయా తల్లీ?"

బీరువాలోంచి ప్లాస్టిక్ కవరు తెచ్చిచ్చింది. కర్నూలు ఆస్పత్రి డిశ్చార్జి కాయితం. మధ్యలో, పెద్ద అక్షరాల్లో, 'లాపరాటమీ, స్ప్లీనెక్టమీ' అని ఉంది. కింద అడ్వైస్ అని రాసి, టీకాల పేర్లు మూడు, వాటి కింద 'జ్వరం వస్తే వెంటనే ఆస్పత్రికి' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం. అన్నీ ఉన్నాయి కాయితంలో. రాసినవాళ్ల తప్పేమీ లేదు.

మా అమ్మాయి ముబశ్శిరా నాలుగు నెలల కిందట నంద్యాల్లో, ఆస్పత్రి కాయితాల్లోని మాటలకు నంబర్లు వేసే మెడికల్ కోడింగ్ కోర్సులో చేరింది. జ్యోత్స్న మేడమ్ అని ఒకావిడ చెప్తుంది. రోజూ సాయంత్రం ఆ మాటల ముక్కలు రాసిన అట్టముక్కలు పరిచి నాకూ నేర్పేది. "ఇవి పుట్టుకతో పొడుగు మాటలు కాదు అబ్బాజాన్. డోన్ జంక్షన్లో రైలు పెట్టెలు తగిలించినట్లు ముక్కలు తగిలిస్తారు. మేడమ్ ఏం చెప్తారంటే, తోక నుంచి చదవాలి. ఆఖరి ముక్క ఏం చేశారో చెప్తుంది, మొదటి ముక్క ఎక్కడ చేశారో చెప్తుంది." ఒటమీ అంటే కోసి తెరవడం. ఎక్టమీ అంటే కోసి తీసిపారేయడం. లాపర్ అంటే కడుపు. స్ప్లీన్ అంటే ప్లీహం.

తోక నుంచి చదివాను. తీసేశారు. ఏం తీసేశారు? ప్లీహం. అయిదు సెకన్లు పట్టలేదు. నాలుగు నెలల కిందట ఇంత చిన్న పని నాకు వచ్చేది కాదు.

వచ్చినా రాకపోయినా ఇలాంటి మాటలను నేను పదకొండేళ్లుగా రాస్తున్నాను. క్లెయిము ఫారంలో చికిత్స వివరం అని ఒక గడి ఉంటుంది. డిశ్చార్జి కాయితంలో ఏముంటే అది అక్షరం పొల్లుపోకుండా అందులో దించాలి. ఎంత పొడుగు మాటైనా సరే, తప్పు లేకుండా దించుతాడు దాదాపీర్ అని కంపెనీలో పేరు. దానికి మీసం మెలేసుకున్న మనిషిని నేను. ఆ మాటకు అర్థమేంటో ఏ రోజూ ఎవరినీ అడగలేదు. ఇన్సూరెన్స్ సారుకు తెలియదంటే నవ్వుతారని భయం.

"నువ్వు వచ్చిన పొద్దు ఆయన నిన్ను రెండుసార్లు అడిగె," అంది సంధ్య. నేను కాయితం పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. "ఆస్పత్రిలో డాక్టరు ఏందో చెప్పినాడు, మా మామ విన్నాడు, ఆయప్పకు అర్థం కాలా. ఇదేందన్నా ఇంత పొడుగుంది అని నిన్ను అడిగె. నువ్వు కళ్లజోడు పెట్టుకొని చూసి, పేగు సర్ది కుట్టినారు, ఏం ఫరవాలేదు అంటివి."

"అన్నాను."

"మరి అందులో ఏముందన్నా?"

చెప్పాను. ఎడమ పక్క పక్కటెముకల కింద పిడికిలంత ఉంటుందని, ఒంట్లోకి వచ్చే జ్వరం పురుగుల్ని పట్టేది అదేనని, అది లేనివాడికి టీకాలు వెయ్యాలని, జ్వరమొస్తే గంట కూడా ఆగకూడదని. ఆమె ఏడవలేదు. అరిచినా బాగుండేది నాకు.

"తెలీదని చెప్పింటే ఏమయితాండె?" అని అడిగింది. "తెలీదు, ఇంకొకర్ని అడగండి అని ఒక్క మాట అనింటే మేం అడుగుతాంటిమి గదన్నా. మా ఆయన అందర్నీ అడుగుతాండె ఏదైనా. నువ్వు చెప్పినావు కాబట్టి ఇంక అడగలా."

తల తీసేసినట్లయింది. ఇంకో సంగతి కూడా ఉంది, అది ఆమెకు చెప్పే ధైర్యం లేక ఇక్కడ చెప్తున్నాను. ఎక్టమీ అట్టముక్క మా అమ్మాయి నా ముందు పెట్టిన రోజే నాకు పాత కేసులు గుర్తొచ్చాయి. ఈ మాట ఎక్కడెక్కడో రాశానే, ఎవరెవరికో ఏదో చెప్పానే అనిపించింది. రేపు చూద్దాంలే అనుకున్నాను. నాలుగు నెలలపాటు ఆ రేపు రాలేదు. వచ్చి ఉంటే హరీష్ ఇప్పుడు ఈ వసారాలో రాయి చెక్కుతుండేవాడు.

*

బయట జీపు ఆగింది. సీఐ అజయ్ కుమార్ లోపలికొచ్చాడు. నా మీద ఈయనకు పాత కోపం ఉంది. మూడేళ్ల కిందట ఆత్మహత్య అని ఈయన మూసిన కేసును నేను ప్రమాదమని తేల్చి తెరిపించాను.

"ఏమప్పా దాదాపీర్, శవం లేసిన ఇంట్లో నీకేం పని? క్లెయిము వాసన తగిలిందా?"

"శాంసన్ తరఫున వచ్చినా సార్. అతన్ని వదిలేయండి."

"వదిలేస్తా. నువ్వు చెప్పినావు గదా, వదలకుంటే ఎట్లా." నవ్వి టోపీ తీశాడు. "సర్టిఫికెట్ లేదు, సూది ఏసినాడు, మనిషి పోయినాడు. ఇంకేం కావాల?"

"పోస్టుమార్టం కాయితం మీ ఫోన్లో ఉందా సార్?"

"ఉంది. నిన్ననే వచ్చింది."

"స్ప్లీన్ అన్న చోట ఏముందో చదవండి."

ఫోన్ తీసి వేలితో జరిపాడు. "గుండె ఇంత గ్రాములు, లివర్ ఇంత గ్రాములు... స్ప్లీన్, ఆబ్సెంట్. తూకం వెయ్యలేదేమో."

"తూకం వెయ్యడానికి అది ఉంటే గదా సార్. రెండేళ్ల కిందటే తీసేసినారు." డిశ్చార్జి కాయితం ఆయన ముందు పెట్టాను. తోక నుంచి మొదలుపెట్టి ముక్క ముక్కగా చదివి చెప్పాను. సూది తర్వాత అన్నం తిన్న గంట, మచ్చలు లేచిన గంట, అదే బుడ్డిలో సూది వేయించుకున్న నలుగురి పేర్లు, అన్నీ వరసగా చెప్పాను.

అజయ్ కుమార్ తెలివైనవాడు. కాయితం తిప్పి తిప్పి చూశాడు. తర్వాత సరిగ్గా నేను భయపడుతున్న చోటికే వచ్చాడు.

"సరే. స్ప్లీన్ లేదు. శాంసన్‌కు ఆ సంగతి తెలిసే చాన్సుంది గదా? కడుపు మీద జానెడు మచ్చ కనపడ్తాంటే, ఏం ఆపరేషన్ అని అడగాల్నా వద్దా? అడగకుండా సూది పొడిచినాడు. అది చాలు నాకు."

"అడిగినాడు. రిజిస్టర్లో రాసి ఉంది."

"రిజిస్టర్లో రాసింది మనిషి పోయినంక రాసుకున్నాడు. పేగు సర్ది కుట్టినారంట. ఏ డాక్టరైనా అట్ల చెప్తాడా? వాడు తప్పించుకోనీకి పుట్టించిన మాట అది."

"ఆ మాట శాంసన్ పుట్టించలేదు సార్."

"మరెవరు పుట్టించినారు?"

సంధ్య తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆమె నోరు విప్పలేదు. నేను విప్పకపోతే ఆమె కూడా విప్పదేమో అనిపించింది ఒక్క క్షణం. స్ప్లీన్ సంగతి చెప్పేశాను, మిగతాది లాయరు చూసుకుంటాడులే అని జేబులో చెయ్యి పెట్టుకుని వెళ్లిపోవచ్చు. ఆ ఆలోచన వచ్చిందని ఒప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

"నేను," అన్నాను. "ఆ మాట నాది. రెండేళ్ల కిందట ఇదే వసారాలో, అర్థం తెలీకుండా, హరీష్‌కు చెప్పినా. ఈ భూమ్మీద ఆ మాట హరీష్ నోటి నుంచి తప్ప శాంసన్‌కు తెలిసే దారి లేదు. కాబట్టి శాంసన్ అడిగినాడు, హరీష్ చెప్పినాడు. అబద్ధం వాళ్లిద్దరిదీ కాదు."

అజయ్ కుమార్ నన్ను చూసిన చూపులో ఎగతాళి లేదు. అదే ఇంకా కష్టంగా ఉంది.

"ఇది రాసిస్తే నీ పని పోతాది. తెలుసా?"

"తెలుసు."

"కేసు నీ మీదికి తిరగొచ్చు."

"తిరగనీండి సార్. కాయితం ఇవ్వండి."

"నోటి మాట నమ్మి నేను వాణ్ని వదల్లేను. రుజువేముంది?"

విచారణకు పోయినప్పుడు ఎవరికి ఏం చెప్పానో ఆ రోజే డైరీలో రాసుకుంటాను. రేపు కోర్టులో మాట మారకూడదని పెట్టుకున్న పద్ధతి. మా అమ్మాయికి ఫోన్ చేసి, స్పీకర్లో పెట్టాను. రెండేళ్ల కిందటి డైరీ తియ్యమని, ఆళ్లగడ్డ పేజీ చూడమని చెప్పాను. సమయం రెండూ ముప్పై అయిదు.

"దొరికింది అబ్బాజాన్," అంది ముబశ్శిరా. "హరీష్, శిల్పి. స్ప్లీనెక్టమీ. కింద నీ చేతిరాతే. 'అర్థం అడిగాడు. పేగు సర్ది కుట్టినారని చెప్పా.' " ఆగింది. "స్ప్లీనెక్టమీకి పేగేంది అబ్బాజాన్?"

"ఆ పేజీ ఫొటో పంపు తల్లీ" అన్నాను.

పంపింది. అజయ్ కుమార్ చూశాడు, తారీకు చూశాడు, ఫోన్ నాకిచ్చేసి స్టేషన్‌కు వైర్‌లెస్‌లో చెప్పాడు. "శాంసన్‌ని రిమాండుకు పంపొద్దు. రైటర్‌ని ఈడికి రమ్మను, స్టేట్‌మెంట్ ఉంది." రైటర్ వచ్చాడు. నేను చెప్పింది చెప్పినట్లు రాశాడు, నేను సంతకం పెట్టాను. అప్పటికి మూడూ పది.

మూడూ పదిహేనుకు ఫోన్ మళ్లీ మోగింది. మా అమ్మాయే.

"అబ్బాజాన్, మిగతా డైరీలన్నీ తీసినా," అంది. "ఇదే మాట ఇంకా మూడు పేజీల్లో ఉంది. మూడు చోట్లా కింద ఒకటే రాసినావు. పేగు సర్ది కుట్టినారని చెప్పా, పేగు సర్ది కుట్టినారని చెప్పా. నంబర్లు పంపిస్తాండా. మొదలు ఫోన్ చెయ్యి, తర్వాత మాట్లాడుకుందాం."

మొదటి నంబరు బండి ఆత్మకూరు ఊరిది. ఆటో నడిపేవాడు, బాగానే ఉన్నాడు. రేపు పొద్దున్నే నంద్యాల పెద్దాస్పత్రికి వచ్చి టీకాల గురించి అడగమంటే, ఎందుకూ అన్నాడు. చెప్పాను. రెండోది డోన్, స్విచాఫ్. మూడోది బనగానపల్లె. మనోజ్, మామిడి తోటలో కాపలా, చెట్టు మీంచి పడ్డాడు. స్పీకర్లో మోగుతూనే ఉంది. కట్ అయ్యాక మళ్లీ చేశాను. ముసలావిడ ఎత్తింది.

"మనోజ్ ఉండాడా అమ్మా?"

"నేను వాళ్లమ్మను, గోవిందమ్మను. వాడు పండుకోనుండాడప్పా. పొద్దున్నుంచి చలిజ్వరం. మాత్రేసినా."

"ఎన్ని గంటల కాణ్ణుంచి?"

"కోడి కూసేటప్పటి నుంచి. ఎవరప్పా మాట్లాడేది?"

అజయ్ కుమార్ అప్పటికే జీపు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. ఇంకో ఫోన్లో బనగానపల్లెకు అంబులెన్సు అడుగుతున్నాడు.

"ఆపరేషన్ కాయితంలో ఏముందని మీ కొడుకు అడిగితే, తెలీకుండానే తెలిసినట్టు చెప్పినోణ్ని అమ్మా. ఇన్సూరెన్స్ దాదాపీర్‌ని. నేను చెప్పింది అబద్ధం."

ఆమె గొంతు మారింది.

"నువ్వెవరైతే నాకేందప్పా. రెండు గంటల్నుంచి పిలుస్తాండా, వాడు పలకడంలా. ఏం చెయ్యాల్నో చెప్పు."